గువ్వల పొలానికి ముందు మూడు నెలలు

డైనింగ్ టేబుల్ మీద పొడవాటి అట్టపెట్టె. చూస్తే కర్టెన్ రాడ్ పార్సిల్ అనుకుంటారు. మా అక్క కూడా అదే అనుకుని కత్తెర తీసుకొచ్చింది. మూత తీసి చూసి, కత్తెర అక్కడే పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏందిది?"

"షాట్‌గన్," అన్నాడు బావ, కొత్త మిక్సీ గురించి చెప్పినంత మామూలుగా.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. వాళ్లది డాలస్ పక్కన ఫ్రిస్కో. నేను అర్వింగ్‌లో ఉంటా, శనివారం వస్తే తిండికి వాళ్లింటికే. మే నెలలో వాళ్ల వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఇంటివాళ్లు పెళ్లికి వెళ్లి వచ్చేసరికి బంగారం లేదు. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని ఈ దొంగలకు బాగా తెలుసు. ఆ వారమంతా బావ సరిగ్గా నిద్రపోలేదు. కెమెరాలు పెట్టాడు, తలుపుకి కొత్త లాక్ వేశాడు, అయినా మనసు కుదుటపడక జూన్ మొదటి వారంలో ఇది తెచ్చాడు. ఆయన సిటిజన్. షాపులో ఫారం నింపాడు, వివరాలు చెక్ చేశారు, డబ్బు కట్టాడు, బయటికొచ్చాడు.

అక్క అరవలేదు. అదే భయం వేసింది నాకు. చిన్నోడు పైన గేమ్ ఆడుకుంటున్నాడు, వాడికి తొమ్మిదేళ్లు. మెట్ల వైపు ఒకసారి చూసి అంది: "దీన్ని పట్టుకోవడం ఇద్దరికీ వచ్చేదాకా ఇది తాళంలోనే ఉండాల. తూటాలు ఇంకో తాళంలో. సెప్టెంబర్ వరకు టైమ్ ఇస్తాండా. అప్పటికీ రాకపోతే అమ్మేసెయ్."

"ఇద్దరికీ" అన్న మాటలో నేనెందుకు ఉన్నానో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, బావని ఒంటరిగా వదిలితే యూట్యూబ్ చూసి అన్నీ వచ్చేశాయంటాడని.

నాకు తుపాకితో ఉన్న పరిచయం రెండే రకాలు. చిన్నప్పుడు అనంతపురంలో దీపావళికి కొనిచ్చే రీలు తుపాకి. ఇంజినీరింగ్‌లో ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని కాల్చిన పాయింట్ 22 రైఫిల్, అది కూడా ఐదు రౌండ్లే. ఈ పంప్ షాట్‌గన్ వేరే జాతి. దీంట్లో ఒక తూటా అంటే ఒక బుల్లెట్ కాదు. ప్లాస్టిక్ గొట్టంలో వందల సీసపు గుళికలు ఉంటాయి. పిట్టల వేటకి వాడే 8 నంబర్ గుళికలైతే ఔన్స్‌కి దాదాపు 410. కాల్చాక ముందుపిడిని వెనక్కి లాగితే ఖాళీ డొక్కు బయటికి ఎగురుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా ఛాంబర్‌లోకి వెళ్తుంది. ఆ లాగడం, తోయడమే పంప్. బ్యాటరీ లేదు, గ్యాస్ లేదు. ఇంజిన్ అంతా నీ ఎడమ చెయ్యే.

12 గేజ్ అంటే ఏంటని వెతికాను. ఆ గొట్టం లోపలి వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు 12 తూకమేస్తే ఒక పౌండ్ బరువు వస్తాయట. అందుకే 20 గేజ్ అంటే సన్నది, 12 అంటే లావుది. నంబర్ పెరిగితే సైజు తగ్గడం ఇంజినీర్‌కి కాస్త మంటగానే ఉంటుంది. ఈ డిజైన్ కూడా నిన్నటిది కాదు. జాన్ బ్రౌనింగ్ గీసిన వించెస్టర్ 1897 మోడల్ మొదటి ప్రపంచ యుద్ధం కందకాల్లోకి వెళ్లింది. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 కోటికి పైగా అమ్ముడైంది. మాస్‌బర్గ్ 500 కూడా అంతే. అమెరికా పల్లెల్లో ఇవి మన ఊళ్లో కొడవళ్లలాగా తలుపు వెనకాల ఉండే వస్తువులు. బావ కొన్నది ఏ కంపెనీదో చెప్పను. దాని గురించి నాకు కొంచెం కోపం ఉంది, అది కాసేపట్లో వస్తుంది.

ముందు నా వీసా సంగతి. ఇది మీలో చాలామందికి పనికొచ్చే ముక్క. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకి చేతపట్టడమే ఫెడరల్ నేరం. రేంజ్‌లో ఫ్రెండ్ ఇచ్చాడు, సెల్ఫీ కోసం పట్టుకున్నా అంటే కుదరదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం. ఫ్రెండ్స్ పెట్టే రేంజ్ ఫొటోల్లో ఎంతమంది జేబుల్లో ఆ కాగితం ఉందో దేవుడికే తెలియాలి. నేను లాయర్‌ని అడిగాను, మీరూ అడగండి. ఈ వ్యాసం చూపిస్తే కోర్టులో ఎవరూ వినరు. జూన్‌లోనే లైసెన్స్ తీసుకున్నా. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2 నుంచి పుట్టినవాళ్లు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చెయ్యాలి, అదీ ఆన్‌లైన్‌లో చేశా. అసలు తిరకాసు వేరే ఉంది. లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1 పొద్దున జేబులో కొత్తది లేకపోతే, నిన్నటిదాకా వేటగాడు ఇవాళ నేరస్తుడు. అందుకే ఆగస్టు 15న కొత్తవి అమ్మకానికి రాగానే మళ్లీ డబ్బు కట్టా. రెండున్నర నెలల తేడాలో రెండు లైసెన్సులు. ఫోన్‌లో రిమైండర్ ఇప్పటికీ ఉంది, దాని పేరు "ఉద్యోగం".

మొదటి ఆదివారం గ్యారేజీలో పాత పేపర్లు పరిచి తుపాకి విప్పాం. కొత్త తుపాకి కొత్త బండి లాంటిది కాదు. షోరూంలోంచి తీసి నేరుగా తోలెయ్యడానికి లేదు. ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు అంతటా ఉంటుంది, అది నూనె పని చెయ్యదు. గొట్టంలో గుడ్డ తోస్తే నల్లగా వచ్చింది, రెండోసారీ నల్లగానే. ముందుపిడికి రెండు ఇనుప కడ్డీలుంటాయి, అవి లోపల రాసుకుంటూ వెళ్లే చోట చిన్న చిన్న గరుకులు. చెత్తో వెనక్కి లాగితే గర్‌ర్ మంటూ ఇసుకలో గేటు జరిపినట్టు ఉంది. జిడ్డు తుడిచి, ఆ కడ్డీల మీద పల్చగా నూనె రాశాం. ఎక్కువ రాస్తే టెక్సాస్ దుమ్ము మొత్తం దానికే అంటుకుంటుందని షాపులో ముసలాయన ముందే చెప్పాడు.

జూన్ చివరి శనివారం రేంజ్‌కి వెళ్లాం. చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు, బ్యాగులో వంద చవక తూటాలు. బావ మొదట కాల్చాడు. ఒక డొక్కు ఛాంబర్‌లో ఇరుక్కుపోయింది. పిడి వెనక్కి రాదు, ముందుకి పోదు. నాకు కోపం అన్నది ఇందుకే. ఛాంబర్ లోపల సరిగ్గా నునుపు చెయ్యకుండా పెట్టెలో పెట్టి అమ్మేశారు. అక్కడికి తోడు మా చవక తూటాలు. వాటి అడుగున పసుపురంగులో మెరిసేది ఇత్తడి అనుకున్నాం. పూత పూసిన స్టీల్ అది. కాల్చినప్పుడు ఉబ్బి, ఇత్తడిలా వెంటనే కుంచించుకోదు. గరుకు ఛాంబర్‌ని పట్టుకుని వేలాడుతుంది. తర్వాత ఛాంబర్ బ్రష్ కొని, గట్టిగా పదిసార్లు తోమి, ఇత్తడి అడుగున్న తూటాలకు మారాక ఆ గొడవ మళ్లీ రాలేదు.

తర్వాత నా వంతు. మట్టిపళ్లెం, అంటే క్లే టార్గెట్, నారింజ రంగులో గాల్లోకి లేచింది. అరచెయ్యంత ఉంటుంది, వెడల్పు 108 మిల్లీమీటర్లు. కాల్చాను, తగల్లేదు. భుజం మీద ఎవరో గునపం మడమతో పొడిచినట్టుంది. ఆ దెబ్బకి కంగారుపడి పిడిని సగమే లాగి ముందుకు తోసేశా. రెండో పళ్లెం లేచింది. ట్రిగ్గర్ లాగితే క్లిక్. ఏమీ లేదు.

"అయిపోయినాయి బావా," అంటూ వెనక్కి తిరిగా.

తుపాకి కూడా నాతోపాటు తిరిగింది.

రేంజ్‌లో పనిచేసే ఒక పెద్దాయన నా పక్కనే ఉన్నాడు. ఎప్పుడు కదిలాడో చూళ్లేదు. ఆయన అరచెయ్యి గొట్టం కిందకి వచ్చి ఆకాశం వైపు ఎత్తేసింది. ఒక్క మాట అనలేదు. తుపాకి నా చేతుల్లోంచి తీసుకుని, మైదానం వైపు తిప్పి, కొన్ని సెకన్లు ఆగి, పిడి చివరిదాకా లాగాడు. ముందు కాలిపోయిన డొక్కు ఎగిరింది. దాని వెనకే కింది గొట్టంలోంచి ఎర్రటి కొత్త తూటా ఒకటి పైకి లేచి కూర్చుంది.

నేను సగమే లాగాను కాబట్టి కాలిన డొక్కు బయటికి పోలేదు, మళ్లీ ఛాంబర్‌లోకే వెళ్లింది. క్లిక్ అన్నది ఆ చచ్చిన డొక్కు మీద. నేను అయిపోయాయి అనుకున్న తుపాకిలో బతికున్న తూటా ఉంది. ఆ తుపాకి రెండు క్షణాలు మా బావ పొట్ట వైపు చూసింది. అది పేలేది కాదు అని మీరు అనొచ్చు. ఆ క్షణాన నాకా సంగతి తెలీదు కదా. అసలు లోపల ఏముందో తెలియకుండానే తిప్పాను.

పెద్దాయన తుపాకి నాకే తిరిగిచ్చి, మళ్లీ కాల్చమన్నాడు. చేతులు వణుకుతున్నాయి, అయినా కాల్చా. ఆయన ఆ రోజు నాకు చెప్పినవి రెండే. క్లిక్ అంటే తుపాకి ఖాళీ అని కాదు, గొట్టం మైదానం వైపే పెట్టి ముప్పై సెకన్లు ఆగు. పంప్ కొట్టేటప్పుడు దానిమీద దయ చూపకు. మనం సున్నితంగా లాగితే అది సగంలో ఆగుతుంది. బెత్తంతో కొట్టినట్టు చివరిదాకా వెనక్కి, చివరిదాకా ముందుకి.

ఇంటికొచ్చేదాకా బావ, నేను మాట్లాడుకోలేదు. "మీ అక్కకి చెప్పొద్దు," అన్నాడు గ్యారేజీలో. నేను సరేనన్నా. రాత్రి భోజనం దగ్గర అక్క పప్పు వడ్డిస్తూ "భుజమెందుకు పట్టుకున్యావ్?" అంటే మొత్తం చెప్పేశా. బావ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అక్క గరిటె గిన్నెలో పెట్టింది. కాసేపటికి అంది: "రేపట్నుంచి నా ముందర చెయ్యండి. ఆ లాగేది, తోసేది."

అట్లా మొదలైంది. జులై అంతా రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి, చిన్నోడు పడుకున్నాక, గ్యారేజీలో. ఉత్తుత్తి తూటాలని దొరుకుతాయి, లోపల మందు ఉండదు, రంగు కూడా వేరే. అసలు తూటాల డబ్బా ఆ టైమ్‌లో గ్యారేజీలోనే ఉండకూడదని అక్క రూల్. ముందు పిడి వెనక్కి లాగి ఛాంబర్ చూడాలి, తర్వాత చూపు మీద నమ్మకం లేనట్టు చిటికెన వేలు లోపల పెట్టి తడమాలి. ఆ తర్వాతే మిగతాది. భుజానికి ఆనించడం, చెంప మడమ మీద వాలడం, లాగడం, తోయడం. రోజుకి వందసార్లు. మూడో వారానికి గర్‌ర్ అనే చప్పుడు పోయి, చక్‌చక్ అనే చప్పుడు వచ్చింది. లోపలి గరుకులు ఒకదాన్నొకటి అరగదీసుకున్నాయి. కొత్త తుపాకిని అరిగించడం అంటారే, దాంట్లో ఇనుము వాటా ఇంతే. మిగతాది నా ఎడమ చెయ్యి అరగడం. నాలుగో వారంలో ఒకరోజు లాగుతున్నానన్న సంగతే గుర్తులేకుండా లాగాను. ప్యాంటు జేబులోంచి ఫోన్ తీసినట్టు.

అక్క కుర్చీలో కూర్చుని బెండకాయలు తరుక్కుంటూ చూసేది. "ఇప్పుడు సగమే లాగినావ్," అని తల ఎత్తకుండానే చెప్పేది. చప్పుడుని బట్టి.

ఆగస్టులో కాగితం పని. పిట్టల తుపాకికి గురి చూసే అద్దాలూ గట్రా ఉండవు, గొట్టం చివర ఒక పూస ఉంటుందంతే. కాబట్టి గుళికలు ఎక్కడికి, ఎంత వెడల్పున వెళ్తున్నాయో తెలియాలంటే పెద్ద కాగితం మీద కాల్చి లెక్కపెట్టాల్సిందే. పద్ధతి ప్రకారం 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తం. ఫుల్ చోక్ అయితే దాంట్లో సుమారు 70 శాతం గుళికలు పడాలి, మాడిఫైడ్ అయితే 60, ఇంప్రూవ్డ్ సిలిండర్ అయితే 50. చోక్ అంటే గొట్టం మూతికి బిగించే చిన్న మర. గార్డెన్ పైపు మూతి వేలితో నొక్కితే నీళ్ల ధార ఎట్లా సన్నబడుతుందో అట్లా. గువ్వలు దగ్గర్లోనే ఎగురుతాయి కాబట్టి మేము ఇంప్రూవ్డ్ సిలిండర్ పెట్టి 25 గజాల దగ్గర కాగితం కట్టాం. ఆ మర బిగించకుండా ఎప్పుడూ కాల్చకూడదు, లోపలి చుట్లు పాడవుతాయి. కాల్చేటప్పుడు వదులవుతుంటుంది కూడా, మధ్యమధ్యలో తుపాకి ఖాళీ చేసి బిగించుకోవాలి.

నేను కాల్చిన కాగితం మీద చుక్కల గుంపు వృత్తానికి చాలా పైన ఉంది. ఐదుసార్లు కాల్చినా అంతే. తుపాకి వంకర అని తేల్చేశా. సాఫ్ట్‌వేర్‌వాళ్ల అలవాటు, ముందు లైబ్రరీలో బగ్ అంటాం. రేంజ్ పెద్దాయన నవ్వి నా వెనక నిలబడి, నా చెంపని వేలితో చెక్క మీదకి నొక్కాడు. తర్వాతి గుంపు మధ్యలో పడింది. దెబ్బకి భయపడి నేను తల ఎత్తేస్తున్నా. షాట్‌గన్‌లో వెనక గురి అంటూ ఉండదు, మన కన్నే వెనక గురి. కన్ను అర అంగుళం లేస్తే గుళికలు అడుగు పైన పోతాయి.

బావ గుంపు ఎడమకి పోతోంది. ఆయన సమస్య ఇంకా విచిత్రం. చేతులు చాచి, రెండు బొటనవేళ్ల మధ్య చిన్న సందు చేసి, దాంట్లోంచి దూరంగా ఉన్న స్తంభాన్ని చూడమన్నారు. ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూస్తే తెలిసింది. ఆయనది కుడిచేతి వాటం, కానీ పెత్తనం ఎడమ కంటిది. నలభై నాలుగేళ్లుగా ఈ సంగతి ఆయనకే తెలీదు. కళ్లద్దాల ఎడమ అద్దం మీద చిన్న టేపు ముక్క అంటిస్తే సరిపోయింది. "ఇంట్లో కూడా అంతే గదా," అంది అక్క తర్వాత విని. బావ ఎడమ వైపే పడుకుంటుంది ఆవిడ.

ఆగస్టు 31 మధ్యాహ్నం బయల్దేరాం. టెక్సాస్‌లో గువ్వల సీజన్ ఉత్తర, మధ్య జోన్లలో సెప్టెంబర్ 1నే మొదలవుతుంది. ఇక్కడివాళ్లకి అదొక పండగ. మన పోలేరమ్మ జాతరకి ఊరికి పోయినట్టు, ఆఫీసుల్లో సెలవు పెట్టి పడమటికి పోతారు. ఈ రాష్ట్రంలో భూమి దాదాపు అంతా ప్రైవేటుదే కాబట్టి, రైతుకి రోజుకింత అని కట్టి ఆయన పొలంలో కూర్చోవాలి. బావ ఆఫీసులో ఒకాయన ద్వారా కోల్‌మన్ ఊరి దగ్గర ఒక పొద్దుతిరుగుడు చేను దొరికింది.

ఫోర్ట్ వర్త్ దాటాక ఐ-20 రోడ్డు మీద భూమి మారిపోతుంది. ఇళ్లు పోయి, ఎర్రమట్టి, రాళ్లు, చిన్న గుట్టలు. థర్బర్ దగ్గర ఎత్తయిన ఇటుక పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంటుంది. ఒకప్పుడు బొగ్గుగనులూ, ఇటుక బట్టీలూ ఉన్న పెద్ద ఊరు, ఇప్పుడు దాదాపు ఖాళీ. సిస్కోలో కాన్రాడ్ హిల్టన్ 1919లో కొన్న మొట్టమొదటి హోటల్ భవనం ఇంకా ఉంది. ప్రపంచమంతా ఉన్న ఆ హిల్టన్‌లకి తల్లివేరు ఇంత చిన్న ఊళ్లోనా అని బావ రెండుసార్లు అన్నాడు. అక్కణ్నుంచి 206 రోడ్డు పట్టుకుని దక్షిణానికి తిరిగితే క్రాస్ ప్లెయిన్స్. కోనన్ ది బార్బేరియన్‌ని సృష్టించిన రాబర్ట్ ఇ. హోవర్డ్ ఇల్లు ఇక్కడే. కత్తుల వీరుల కథలు ఈ దుమ్ము ఊళ్లో చిన్న గదిలో కూర్చుని రాశాడాయన.

రోడ్డుకి రెండు వైపులా మెస్కీట్ చెట్లు. కారు ఆపి దిగి చూశా. ముళ్లు, సన్నని ఆకులు, వేలాడే కాయలు. మన సర్కారు తుమ్మ! నిజంగానే చుట్టాలు. మన చెరువుల్ని, బంజర్లని మింగేసిన ఆ చెట్టు అమెరికా ఖండం నుంచి వచ్చిందే, ఇది దాని దగ్గర బంధువు. అనంతపురంలో దాని ముల్లు గుచ్చుకుని ఏడ్చిన కాలితో ఇక్కడ నిలబడితే వింతగా అనిపించింది. ఇక్కడివాళ్లు దీన్ని మాంసం కాల్చడానికి కట్టెగా వాడి డబ్బు చేసుకుంటారు. రైతులు మాత్రం మనలాగే తిడతారు.

రాత్రి కోల్‌మన్ మోటెల్‌లో నిద్ర పట్టలేదు. పన్నెండు దాటగానే పర్సులోంచి పాత లైసెన్స్ తీసి చెత్తబుట్టలో వేసి, కొత్తది మళ్లీ చదువుకున్నా. గువ్వలు వలస పక్షులు కాబట్టి ఆ ఎండార్స్‌మెంట్ కూడా దాని మీద ఉండాలి, ఉంది. తుపాకి కింది గొట్టంలో చెక్క బిరడా ఉందో లేదో పడుకునే ముందే చూశాం. వలస పక్షుల్ని కాల్చే తుపాకిలో మొత్తం మూడు తూటాలకి మించి పట్టకూడదు. అందుకే ఆ బిరడా.

తెల్లారకముందే రైతు గేటు దగ్గర ఉన్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి. ఒక్కొక్కరికీ కూర్చునే చోటు చూపించి, ఎవరు ఏ దిక్కున కాల్చొచ్చో చేత్తో గీసి చెప్పాడు. కంచె దాటేటప్పుడు తుపాకి ఖాళీ, పిడి వెనక్కి లాగి తెరిచి. పిట్ట వెనకాల ఆకాశం కనిపిస్తేనే కాల్చాలి. చెట్టు కనిపిస్తే వద్దు, నేల కనిపిస్తే అసలే వద్దు. పెయింట్ బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నా. పొద్దుతిరుగుడు పువ్వులన్నీ ఎండిపోయి తల దించుకున్నాయి. దూరంగా పశువుల నీళ్లకుంట మీద పల్చగా పొగమంచు.

మొదటి గువ్వ వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఇంకా చూస్తూనే ఉన్నా.

లెక్క వేసి వెళ్లానండీ. పిట్ట గంటకు 40 మైళ్ల వేగంతో అడ్డంగా పోతే సెకనుకి 59 అడుగులు. 30 గజాల దూరానికి గుళికలు చేరడానికి సుమారు 0.09 సెకను. అంటే పిట్టకి ఐదడుగుల ముందు కాల్చాలి. కాగితం మీద ఎంత బాగుందో! పొలంలో ఐదడుగులంటే ఎంతో ఆకాశంలో ఎవరూ గీసిపెట్టరు. మొదటి పదకొండు తూటాలు వృథా. పిట్టని చూసి, ఆగి, కొలిచి కాలుస్తున్నా. ఆగిన క్షణమే గుళికలు వెనకపడతాయి. పన్నెండోసారి లెక్క వదిలేసి, పిట్ట వెనకనుంచి తుపాకి ఊపుకుంటూ దాన్ని దాటాక కాల్చి, ఊపు ఆపలేదు. గువ్వ గాల్లోనే ముడుచుకుని పడింది. ఇంకొకటి వెంటే వచ్చింది. ఎప్పుడు లాగానో, ఎప్పుడు తోశానో తెలీదు, అదీ పడింది. నేల మీద రెండు డొక్కులు పొగలు కక్కుతున్నాయి. గ్యారేజీలో గడిచిన ఆ రాత్రులన్నీ ఆ అర సెకనులో ఉన్నాయి.

రెండోది చావలేదు. ఎండిన ఆకుల్లో రెక్క కొట్టుకుంటోంది. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా, అరచేతికి దాని గుండె తెలుస్తోంది. కోర్సులో చెప్పారు, త్వరగా మెడ తిప్పాలని. చదివినప్పుడు ఒక లైను అది. తిప్పాను. తర్వాత చాలాసేపు తుపాకి తెరిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా, మీది నుంచి గుంపులు పోతున్నా లేవలేదు. బావ అవతల నుంచి చెయ్యెత్తి ఏమైంది అని అడిగాడు. ఏం లేదని చెయ్యూపా.

ఒక్కొక్కరికి రోజుకి 15 దాకా పరిమితి. మాకు ఆ పరిమితితో పనే పడలేదు. 34 తూటాలకి నావి నాలుగు, బావవి ఆరు. కంటికి టేపు పుణ్యం. రైతు పది నిమిషాల్లో శుభ్రం చెయ్యడం నేర్పించి ఐస్ ఇచ్చాడు. ఇక్కడివాళ్లు గువ్వ ముక్కలో హాలపీన్యో మిరపకాయ పెట్టి, బేకన్ చుట్టి, మెస్కీట్ నిప్పుల మీద కాలుస్తారు. ఒకటి పెట్టాడు. బాగుంది, అయినా మిరియాలు, ధనియాలు పడాల్సింది అనిపించింది.

ఫ్రిస్కో చేరేసరికి సాయంత్రం ఆరు. బావ ఐస్ పెట్టె కిచెన్‌లో పెట్టాడు. నేను తుపాకి సంచి గ్యారేజీలో బల్ల మీద పెట్టి, జిప్ తీసి, నూనె గుడ్డ వెతుకుతున్నా. అక్క వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుని, నన్ను పక్కకి జరగమంది. తుపాకి గొట్టం గోడ వైపు తిప్పింది. ట్రిగ్గర్ పక్కన ఉండే చిన్న మీటని వేలితో నొక్కి పిడి చివరిదాకా లాగింది. చక్. లోపలికి చూసి, చిటికెన వేలు పెట్టి తడిమింది. నేను ఆ మీట సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

"దుమ్ముంది," అంది వేలు చూసుకుంటూ. "గుడ్డ ఇట్లా ఇయ్యి. నువ్వు పోయి మిరియాలు దంచు."